విరిగిన సగం

బుజ్జీ,

మీ స్నేహితులంతా కలిసి పనిముట్లు చేసే కంపెనీ పెడదామనుకుంటున్నారని, ఏ వస్తువుతో మొదలుపెట్టాలో మాత్రం తేలడం లేదని ఫోన్లో అన్నావు. నువ్వుంటున్న షికాగోలోనే మథియాస్ క్లైన్ అనే జర్మన్ కమ్మరి ఉండేవాడు. ఆయనకు ఈ టెన్షన్ లేకపోయింది. ఏం చేయాలో పనివాడే తెచ్చి చేతిలో పెట్టాడు.

షికాగోకు టెలిగ్రాఫ్ తీగ 1848లో వచ్చింది. 1857లో లైన్‌మన్ ఒకడు సగం విరిగిన కటింగ్ ప్లయర్ పట్టుకుని క్లైన్ దగ్గరికి వెళ్ళాడు. విరిగిన సగాన్ని క్లైన్ కొత్తగా చేసి, మిగిలిన పాత సగానికి రివిట్టు (రెండు సగాలనీ కలిపే సీల) వేసి ఇచ్చాడు. కొన్నాళ్ళకు అదే మనిషి మళ్ళీ వచ్చాడు. ఈసారి విరిగింది పాత సగం. దాన్నీ చేసిచ్చేసరికి ప్లయర్ మొత్తం క్లైన్‌దే అయింది. క్లైన్ పెట్టిన పనిముట్ల కంపెనీకి మొదటి ప్లయర్ అదేనంటారు.

స్తంభాలెక్కి బతికినవాణ్ణి కదా, నా మనసంతా ఆ లైన్‌మన్ మీదే. మొదటిసారి ఎవరో చెబితే వెళ్ళి ఉంటాడు. రెండోసారి మాత్రం, క్లైన్ చేసిన సగం ఇంకా విరగలేదు కాబట్టే వెళ్ళాడు. పైగా మేం ప్లయర్‌ని ప్లయర్‌లా ఎక్కడ వాడతాం? తీగ కోస్తాం, మెలిపెడతాం, స్తంభం మీద సుత్తి లేకపోతే దాంతోనే కొడతాం. అప్పటి టెలిగ్రాఫ్ తీగ ఇనుముది, రాగి అంత మెత్తన కాదు. కోసే అంచు గట్టిగా ఉండాలి, మరీ గట్టిపడితే పెళుసై పెచ్చులూడుతుంది. రివిట్టు బిగుసుకుంటే చెయ్యి నొప్పి, వదులైతే అంచులు కలవవు. ఇంకొకరు చేసిన, వాడకంలో అరిగిన సగానికి కొత్త సగాన్ని అతకడం, నన్నడిగితే, రెండూ కొత్తగా చేయడం కన్నా కష్టం.

తర్వాత టెలిఫోన్, కరెంటు వచ్చాయి. కొడుకులు చేరి 'మథియాస్ క్లైన్ అండ్ సన్స్' అయింది. ఇప్పటికీ కంపెనీ ఆ కుటుంబానిదే. ఈ కథ చెప్పేవాళ్ళు లైన్‌మన్ పేరు చెప్పరు, అదే నాకు కాస్త కోపం.

కాబట్టి కంప్యూటర్‌లో డిజైన్లు తర్వాత గీద్దురు గాని. ముందు మీ చుట్టుపక్కల ఎలక్ట్రీషియన్లని, ప్లంబర్లని కలవండి. మీ పనిముట్టు బాగుందా అని అడిగితే మొహమాటానికి బాగుందంటారు. విరిగిపోయినవి చూపించమనండి.

నువ్వు పంపిన క్లైన్ ప్లయర్ అందింది. పిడికి ప్లాస్టిక్ తొడుగు చూసి, దీంతో కరెంటు కొట్టదని మన పక్కింటి కుర్రాడు సంబరపడ్డాడు. అది చేతికి పట్టు కోసమే. కరెంటు కొట్టకుండా ఉండే రకం వేరే, దాని మీద 1000 వోల్టులని రాసి ఉంటుంది. మీరు చేసేవాటి మీద ఈ తేడా పెద్ద అక్షరాలతో రాయించండి.

నాన్న