క్రిస్మస్ సరుకు 24 రాత్రి కాదు, 18కే ఇల్లు చేరాలి

సంపాదకులకు,

డిసెంబరు వచ్చేసరికి భీమవరం, పాలకొల్లు, అమలాపురం కొట్ల ముందు మెరుపు కాగితం చుట్టిన క్రిస్మస్ బుట్టలు బారులు తీరతాయి. లోపల చాక్లెట్లు, బిస్కెట్లు, ఓ కేకు, చుట్టూ రిబ్బను. వియ్యాలవారికి పంపడానికి బాగానే ఉంటాయి. లేని ఇంటికి ఇవ్వాలనుకునే వాళ్లు మాత్రం ఒకదాన్ని విప్పి, తినేదెంత, పారేసేదెంత అని చూసుకోవడం మంచిది.

మిషనరీలు నరసాపురం వచ్చింది 1830ల్లో. అంటే గోదావరి డెల్టాలో ఇది పాత పండగే, పండగంటే పిండివంటే. అరిసెలు, జంతికలు, పాకుండలు చేసి ఇరుగుపొరుగుకి పళ్లెం పంపాలి. అవతలి పళ్లెం వచ్చి, తిరిగి పంపడానికి ఏమీ లేని ఇల్లు ఆ రోజు చిన్నబోతుంది. అందుకే తయారైనవి కాకుండా చేసుకునే సరుకు ఇవ్వాలి, చేసుకునే వ్యవధీ ఇవ్వాలి. 24 రాత్రి ఆరాధన అయ్యాక చేతికొచ్చిన బియ్యం, బెల్లం తెల్లారేసరికి అరిసెలైపోవు. బియ్యం ఒక పగలూ ఒక రాత్రీ నానాలి. నీళ్లు వార్చి, తడి ఉండగానే పిండి పట్టించి, పిండి ఆరకముందే పాకంలో పోయాలి. పండగ ముందు నాలుగు రోజులూ పిండిమర దగ్గర వరస తెగదు. కాబట్టి సరుకు 18, 19 తేదీలకల్లా ఇల్లు చేరాలి.

నలుగురున్న ఇంటికి కొలత ఇది. అన్నానికి పాత బియ్యం 5 కిలోలు, కందిపప్పు కిలో. అరిసెలకు బియ్యం కిలో, బెల్లం ముప్పావు కిలో, నువ్వులు 50 గ్రాములు. జంతికలకు బియ్యప్పిండి కిలో, శనగపిండి పావుకిలో, వాము చిన్న పొట్లం. పంచదార అరకిలో, టీపొడి, నెయ్యి 100 గ్రాములు, కొబ్బరికాయలు రెండు. కోనసీమలో కొబ్బరికాయ ఇవ్వడమేమిటి అనకండి, చెట్టు లేని ఇంటికి అదీ కొనుక్కునేదే. నూనె ఒక ప్యాకెట్ చాలదు, మూకుడు నిండాలంటే రెండు కావాలి. కొనేటప్పుడు బరువు చదవండి. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. చూపుకి అంతే ఉండి 850 గ్రాములే పట్టే ప్యాకెట్లూ అమ్ముతున్నారు.

పని తగ్గుతుంది కదా అని అరిసెలకి కూడా పొడి బియ్యప్పిండి ప్యాకెట్లే కొనేస్తుంటారు. పొడిపిండి పాకాన్ని పట్టుకోదు, నూనెలో వేయగానే అరిసె విడిపోతుంది. ముప్పావు కిలో బెల్లం, లీటరు నూనె దండగై ఆ ఇల్లాలు తన చేతినే తిట్టుకుంటుంది. పిండి పట్టించే కూలికి చిల్లర ఒక కవరులో పెట్టండి, సరుకంతా ఉండి ఆ డబ్బు దగ్గరే ఆగిపోయే ఇళ్లుంటాయి. కారం ఆడిన మరలో వెంటనే పిండి పట్టించొద్దని ఒక మాట చెప్పండి. ఘాటు పిండికి పట్టిందంటే ఏ పాకమూ దాన్ని కప్పలేదు.

సార్వా (ఖరీఫ్ వరి) కోతలై ధాన్యం ఇంటికొచ్చే రోజులు కాబట్టి రైతులు మనసారా కొత్త బియ్యం ఇస్తారు. వండితే ముద్దవుతుంది. తీసుకుని పిండివంట వాటాకి వాడండి, సంక్రాంతి అరిసెలు కొత్త బియ్యంతోనే కదా. అన్నానికి మాత్రం పాతవి కొనాలి. తుపాను ఏడాదైతే తడిసిన ధాన్యం ఆడించిన బియ్యం రంగు మారి, నూక ఎక్కువ వస్తుంది, గుప్పెడు తీసి చూడకుండా బస్తా దించుకోవద్దు. 2022లో 25 కిలోల వరకూ ఉన్న ప్యాకింగుకి జీఎస్టీ వచ్చాక 26 కిలోల బస్తాలు మొదలయ్యాయి. మనకదే వాటం: ఐదు ఇళ్లకు ఐదేసి కిలోలు పోను, కిలో తరుగుకి మిగులుతుంది.

కేకు ఇవ్వాలనుకుంటే పూర్తిగా చల్లారాకే కవరులో పెట్టాలి. వేడిమీద మూస్తే లోపల చెమ్మ పట్టి నాలుగో రోజుకి బూజు. క్రీము కేకు అసలే వద్దు.

బుట్టకి బదులు మూత ఉన్న 25 లీటర్ల బకెట్ కొనండి, ఏడాదంతా నీళ్లకో ధాన్యానికో ఉంటుంది. అడుగున బియ్యం, మీద పప్పు, పిండి. బెల్లం విడిగా కాగితంలో చుట్టి కవరులో వేయాలి, లేకపోతే మంచుకి నీరు కారుతుంది. నూనె ప్యాకెట్లు వేరే కవరులో కట్టి నిలబెట్టండి. సబ్బులు బకెట్లో వేయొద్దు, రెండ్రోజుల్లో టీపొడికి ఆ వాసనే. పొట్లాలకి స్టాప్లర్ పిన్నులు కొట్టొద్దు. పిన్ను నూనె ప్యాకెట్‌నైనా చీరుతుంది, పప్పులోనైనా పడుతుంది. పురికొస చాలు.

చీర పెట్టేవాళ్లు నవంబరు చివరికే ఇవ్వాలి, జాకెట్టు కుట్టు కూలితో సహా. డిసెంబరు రెండో వారం దాటితే టైలరు గుడ్డ ముట్టుకోడు. తెల్లచీర ఆరాధనకి ఎంత బాగున్నా, భర్త పోయినావిడకి అడగకుండా ఇవ్వొద్దు.

ఇక పేర్ల జాబితా. ఒక్క ఊళ్లోనే లూథరన్, బాప్టిస్టు, బ్రదరెన్, పెంతెకోస్తు సంఘాలుంటాయి. ఎవరి జాబితా వాళ్లు రాసుకుంటే ఒకే ఇంటికి మూడు దుప్పట్లు వెళ్తాయి, పక్కింటికి ఒక్కటీ ఉండదు. నవంబరులో ఒక ఆదివారం సాయంత్రం పాస్టర్లు కూర్చుని పేర్లు కలిపి చూసుకోవాలి, డ్వాక్రా లీడరునీ ఆశా కార్యకర్తనీ పిలవాలి. తప్పిపోయే ఇళ్లు వాళ్లకి తెలుసు: తల్లి గల్ఫ్‌లో ఉండి నాలుగు నెలలుగా డబ్బు రాక, మనవల్ని అమ్మమ్మ సాకుతున్న డాబా ఇల్లు, పంట మునిగిన కౌలు రైతు ఇల్లు. డాబా ఉంది కదా అని వీళ్ల పేరు ఎవరూ రాయరు, వీళ్లూ వచ్చి అడగరు.

పంపిణీ పగలు పెట్టొద్దు. దాళ్వా (రబీ వరి) పనులు మొదలయ్యే రోజులు, స్టేజీ ముందు గంటసేపు కూర్చోబెడితే ఆడవాళ్లకి ఆ పూట కూలి పోతుంది. పొద్దుగూకాక ఇంటికే వెళ్లి ఇవ్వండి. బకెట్ పదమూడు కిలోలు తూగుతుంది, ఏ ముసలమ్మా చర్చి నుంచి మోసుకెళ్లలేదు. ఆటో మాట్లాడుకుని, ప్రతిసారీ మిగిలిందే అందుకునే కాలవగట్టు చివరి ఇంటి నుంచి మొదలుపెట్టండి.

— సంఘాల్లో పంపిణీ పని చూసే కొందరు పాఠకులు, పాలకొల్లు