గునపం దిగకముందే

అమ్ములూ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. పక్క స్థలం యజమాని పంపిన ఫోటోలు కూడా పెద్దవి చేసుకుని చూశాను. నువ్వు అడిగింది ఒక్క మాట, నువ్వు అద్దెకిచ్చిన ఇంటికీ ఆయన స్థలానికీ మధ్య ఒరిగిపోయిన కంచె బాగుచేయించే ఖర్చులో సగం ఇవ్వాలా వద్దా అని. ఫోన్లో అయితే ఏదో ఒకటి అనేసి ఊరుకునేదాన్ని. ఇది అలా తేలే సంగతి కాదనిపించి కాగితం తీశాను.

నీకు ఇంతవరకూ చెప్పని కథ ఒకటుంది. నువ్వు హైస్కూల్లో ఉన్నప్పుడు మనం అద్దెకిచ్చిన ఇంటి వెనక కంచె ఒరిగిపోయింది. అందులో ఉన్నవాళ్లకి చిన్నపిల్లలు, రోజుకో ఫోను. సరేలే అని మనిషిని పెట్టి మూడు రోజుల్లో బాగుచేయించేశాను. తర్వాత బిల్లు తీసుకుని అవతలి ఆయన్ని సగం అడిగాను. ఆయన కోప్పడలేదు. "మొదలుపెట్టేముందు ఒక్క మాట చెప్పాల్సిందమ్మా, నాకు తెలిసినవాళ్లు ఇంకా తక్కువలో చేసేవాళ్లు" అన్నాడు, అంతే. ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. ఆయన మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు చూడు, నాకు ఎక్కువ మండింది అందుకే. పాత స్తంభాలు ఎంత పాడయ్యాయో చూపిద్దామంటే అవి అప్పటికే తుక్కు కింద పోయాయి. నా దగ్గర ఒక్క ఫోటో లేదు.

సొంతిల్లు అయితే పొద్దున లేవగానే కంచె కళ్లపడుతుంది, అవతలి మనిషీ కళ్లపడతాడు, పంచాయితీ అక్కడికక్కడే తేలిపోతుంది. నీ విషయంలో ఇటు నువ్వూ అక్కడ ఉండవు, అటు ఆయనా ఉండడు. చూసేవాళ్లు అద్దెకున్నవాళ్లు, డబ్బు పెట్టేది మీరు. మీవాళ్లు చెప్పింది నువ్వు నమ్ముతున్నావు, ఆయన వాళ్లు చెప్పింది ఆయన నమ్ముతున్నాడు. ఇద్దరూ కలిసి ఒక్కసారి ఆ కంచె పక్కన నిలబడితే సగం గొడవ ఉండదు. వచ్చే శనివారం కుదురుతుందేమో ఆయన్ని అడుగు. ఉన్నవాళ్లకి మాత్రం ముందురోజే చెప్పు, చెప్పాపెట్టకుండా వాళ్ల పెరట్లోకి దిగొద్దు.

వెళ్లేముందు దస్తావేజులు తియ్యి. ఆ కంచె సరిగ్గా హద్దు మీద ఉందా, ఆయన స్థలంలోకో నీ స్థలంలోకో జరిగి ఉందా? పూర్తిగా ఒకరి స్థలంలోనే ఉంటే అది వాళ్ల సొంత కంచె అనే వాదన వస్తుంది, అప్పుడు సగాల మాటే మారిపోతుంది. కొలతల్లో అనుమానం ఉంటే సర్వేయర్‌ని పిలిచి హద్దురాళ్లు తేల్చుకోండి, ఆ ఖర్చు చెరిసగం పెట్టుకోండి. తప్పు గీత మీద కొత్త కంచె వేస్తే రేపు అమ్మేటప్పుడు దాన్ని పీకించాల్సి రావచ్చు.

చట్టమే సగం అంటోంది కదా అని రాశావు. ఏ ఊరి చట్టం, తల్లీ? మొన్న ఓపిగ్గా కూర్చుని చదివాను, చోటుకో తీరుగా ఉంది. కాలిఫోర్నియాలో 2014 జనవరి నుంచి ఉన్న నిబంధన ప్రకారం హద్దు కంచె వల్ల ఇద్దరికీ సమానంగా లాభం ఉన్నట్టే లెక్క, కాబట్టి ఖర్చూ సమానం. అలాగని బిల్లు చేతికిచ్చి సగం తెమ్మంటే కుదరదు. పనికి 30 రోజుల ముందు నోటీసు రాసివ్వాలి. అందులో సమస్య ఏంటి, ఏం చేద్దామనుకుంటున్నారు, అంచనా ఎంత, ఎవరి వాటా ఎంత, ఎప్పటికి పూర్తవుతుంది అన్నీ ఉండాలి. సమానం అన్యాయమని అవతలివాళ్లు నిరూపించుకునే వీలూ ఉంది. న్యూజిలాండ్‌లో 1978 నాటి కంచెల చట్టం కూడా సరిపడా కంచెకి ఖర్చు సగం సగం అంటుంది, నోటీసు అందుకున్నవాళ్లు అభ్యంతరం చెప్పడానికి 21 రోజులు ఇస్తుంది. ఇంగ్లండ్‌లో అయితే పక్కవాళ్లు సగం పెట్టి తీరాలనే సాధారణ చట్టమే లేదు. అక్కడ చాలామంది ఇంటికి ఎడమవైపు కంచె మనది అనుకుంటారట, అది వట్టి మాట. దస్తావేజు ప్లానులో హద్దు గీతకి ఒకవైపు 'టి' గుర్తు ఉంటే ఆ వైపువాళ్ల బాధ్యత అని అర్థం. నీ ఇల్లున్న చోట ఏ నియమం ఉందో అక్కడి వకీలుని ఒక గంట కూర్చోబెట్టి అడుగు. నాకు మాత్రం ఇవన్నీ చదివాక అప్పట్లో ఫోను ఎత్తని ఆ మర్యాదస్తుడి మాట గుర్తొచ్చి నవ్వొచ్చింది. ముందు చెప్పాలనే ఆయనా అన్నాడు.

ఇక అసలు తగాదాకి వద్దాం. మీవాళ్లు కంచెకి ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టారు, గాలికి అదే కంచెని పడేసింది, కాబట్టి మొత్తం నువ్వే పెట్టుకోవాలి అని ఆయన అంటున్నాడు. నీకు కోపం వచ్చింది, సరే. మూడో ఫోటో మళ్లీ చూడు. స్తంభానికి పైన రంగు చెక్కుచెదరలేదు. నేలకి ఆనేచోట మాత్రం ఇనుము పొరలు పొరలుగా లేచింది, వేలితో గీకితే రాలేటట్టుంది. ఇనుప స్తంభమైనా చెక్క స్తంభమైనా ముందు చచ్చేది అక్కడే, తడీ గాలీ రెండూ కలిసేది నేలమట్టం దగ్గరే కదా. పైగా ఆయన వైపు మట్టి ఎగదోసి జానెడు ఎత్తున పోసి ఉంది, తడి ఆరే దారి లేదు. అది ఒక్క గాలికి పాడైన ఇనుము కాదు, ఏళ్లు పట్టింది.

అలాగని షేడ్ నెట్ పాపం లేదని కూడా నేను అనను. ఉత్తి జాలీలోంచి గాలి పోతుంది. దానికి గుడ్డ కడితే ఆ గాలి బరువంతా స్తంభాల మీద పడుతుంది. కట్టింది మీవాళ్లు, కట్టనిచ్చింది నువ్వు. అద్దెకున్నవాళ్లు చేసింది నాకేం సంబంధం అని ఆయనతో అనకు, ఎక్కడా నిలబడే మాట కాదది. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రపు 1991 చట్టం చూడు: యజమాని గానీ, యజమాని ఒప్పుకోలుతో ఆ స్థలంలోకి వచ్చినవాళ్లు గానీ నిర్లక్ష్యంగా కంచె పాడుచేస్తే బాగుచేసే ఖర్చంతా ఆ యజమానిదే. తర్వాత నువ్వు నీ అద్దె ఒప్పందం ప్రకారం వాళ్ల దగ్గర రాబట్టుకుంటావా లేదా అనేది వేరే లెక్క. గుడ్డ కట్టడానికి నిన్ను అడిగి నువ్వు సరేనన్నావు కాబట్టి వాళ్ల డిపాజిట్ జోలికి పోకపోవడమే మంచిదని నా ఉద్దేశం.

నేనైతే స్తంభాలు లెక్కపెడతాను. ఫోటోల్లో మొత్తం 12 కనిపిస్తున్నాయి. నెట్ కట్టిన మేర 4, అందులో ఒరిగినవి 3. మిగతా వరసలో తుప్పు పట్టినవి ఇంకో 4. ఈ 4 ఎవరి పుణ్యమూ కాదు, వయసు. వీటి ఖర్చు, జాలీ ఖర్చు సగం సగం. ఒరిగిన 3 స్తంభాల్లో సగానికి పైగా నువ్వు వేసుకో. మూడింట రెండొంతులు అని నేనంటాను, ఎలాగూ తుప్పు పట్టినవే కాబట్టి మొత్తం నీ నెత్తిన పడక్కర్లేదు. ఆయన నాలుగింట మూడొంతులు అంటే ఒప్పేసుకో, ఆ తేడా కోసం రెండు నెలలు తిరగొద్దు. ఈలోపు ఆ నెట్ విప్పించు, ఈ రోజే.

గోడ కట్టిద్దామన్న ఆయన మాటకి మాత్రం మొహమాటపడకు. పడిపోయింది జాలీ కంచె, దానికి సమానమైన కంచెకే నీ వాటా. గోడ కావాలనుకుంటే ఆ పైన అయ్యే అదనం ఆయనది. అందులో నీకేం గొడవ లేదని రాసివ్వు. అయితే పునాది ఎవరి వైపు ఎంత వస్తుందో గీసి చూపించమను, రేపు దాని మరమ్మతు ఎవరిదో కూడా ఇప్పుడే అడుగు.

నోటితో అన్నీ ఒప్పుకున్నాక ఒక్క పేజీ రాయండి. ఎంత పొడవు, ఎన్ని స్తంభాలు, ఏ రకం జాలీ, స్తంభం నేలలోకి ఎంత దిగాలి, పాత ఇనుము ఎవరు తీసుకుంటారు, పనివాళ్లు ఎవరి వైపునుంచి వస్తారు. స్తంభం పొడవులో దాదాపు మూడో వంతు నేలలో ఉండాలంటారు, బేరమాడినప్పుడు మేస్త్రీ మొదట కోసేది దాన్నే, కాబట్టి అంకె వేసి రాయించు. అంచనాలు రెండు తీసుకోండి, ఒకటి నువ్వు, ఒకటి ఆయన. బిల్లు మాత్రం వాటాల ప్రకారం రెండుగా, ఎవరి పేరున వాళ్లకి ఇమ్మనండి. అప్పుడు డబ్బు కోసం నువ్వు ఆయన వెంటా, ఆయన నీ వెంటా పడక్కర్లేదు, ఎవరి అద్దె లెక్కల్లో వాళ్లు చూపించుకోవచ్చు కూడా. కంచె తీసిన రోజుల్లో అవతలివాళ్ల కుక్క ఇటు రాకుండా ఏం చేస్తారో అడగడం మర్చిపోకు, మీవాళ్ల చిన్నపిల్ల ఆ పెరట్లోనే ఆడుకుంటుంది.

ఆయన ఒప్పుకోకపోతే అప్పుడు నోటీసు, ఆ పైన వకీలు. ముందే ఆ మాట ఎత్తకు.

శనివారం వెళ్తే టేపు తీసుకెళ్లు. ప్రతి స్తంభం పక్కనా టేపు కనపడేలా ఫోటో తియ్యి, నేల దగ్గర ఒకటి, మొత్తం కనపడేలా ఒకటి. పాతవి తీసేశాక తుక్కువాడికి ఇవ్వనివ్వకుండా లెక్క తేలేవరకు రెండైనా అట్టేపెట్టించు. గేటు వైపు మూల స్తంభం ఏ ఫోటోలోనూ సరిగ్గా పడలేదు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపి చూసి, కదులుతోందో లేదో రాత్రికి నాకు ఫోన్ చెయ్యి. అది కదిలితే నేను వేసిన లెక్క మళ్లీ మొదటినుంచీ వెయ్యాలి.

ప్రేమతో,
అమ్మ