పాఠం తెరవని పిల్లల గురించి

రాజోలు

అమ్మలూ,

మీ ఆన్‌లైన్ ఇంటర్ పిల్లల్లో కొందరు పాఠాలు తెరవడమే మానేశారని, మెసేజీలకు జవాబివ్వడం లేదని రాశావు. వాళ్లకు చదువు మీద మనసు లేదని అప్పుడే అనుకోకు. బడిలో పిల్ల రాకపోతే ఖాళీ బెంచీ కనిపిస్తుంది. ఫోన్లో చదివే పిల్ల మానేస్తే ఎవరికీ తెలీదు. పరీక్ష ఫీజు గడువు దాటాకే బయటపడుతుంది. అందుకని ఏ వారం పాఠం తెరవకపోతే ఆ వారమే నువ్వు మాట్లాడాలి.

ముందు నీ దగ్గరున్న ఫోన్ నంబరు ఎవరిదో చూడు. దరఖాస్తు నెట్ సెంటర్లో పెట్టించుకుంటే కొట్టతని నంబరో, మేనమామ నంబరో పడి ఉంటుంది. తల్లి కువైట్‌లో, పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉండే ఇళ్లు మన వైపు ఎన్నో నీకు తెలుసు. ఉన్న ఒక్క ఫోనూ రాత్రి తల్లి వీడియో కాల్‌కే సరిపోతుంది. రొయ్యల చెరువు మీద పనిచేసే కుర్రాడు పగలు మేత వేస్తాడు, రాత్రి నీళ్లలోకి గాలి అందించే ఏరేటర్లు ఆగకుండా చూసుకుంటాడు. రొయ్యలు పట్టే రోజు అసలు దొరకడు. ఏ వేళ తీరికో అడిగి రాసుకో, ఆ వేళకే చెయ్యి. మొదటిసారి పాఠం ఊసెత్తకు. తిన్నావా, ఒంట్లో ఎలా ఉంది అని అడుగు, చాలు.

పిల్లల్ని నిజంగా భయపెట్టేది అయిదు సబ్జెక్టులూ ఒకేసారి గట్టెక్కాలన్న బెంగ. ఎన్‌ఐఓఎస్‌లో, అంటే వీళ్లు చదివే జాతీయ ఓపెన్ స్కూల్లో, అలా లేదని వాళ్లలో చాలామందికి ఎవరూ చెప్పలేదు. పరీక్షలు ఏటా రెండుసార్లు, ఏప్రిల్, అక్టోబర్‌లలో. చేరాక 5 ఏళ్లు, 9 అవకాశాలు. పాసైన సబ్జెక్టు పాసైనట్టే ఉంటుంది. రెగ్యులర్ ఇంటర్‌లో తప్పినా, పాసైనవాటిలో రెండింటిని ఇటు మార్చుకునే వీలుంది. ఇంటి దగ్గర రాసిచ్చే అసైన్‌మెంట్‌కు 20 శాతం మార్కులు. దాన్ని వదిలేస్తున్నారంటే నాకు మనసు ఉసూరుమంటుంది. ఒక్కొక్కరికీ ఏది అయిందో, ఏది మిగిలిందో ఒక కాగితం మీద రాసి పంపు. మిగిలింది మూడే అని కళ్లతో చూసిన పిల్లకు ధైర్యం వస్తుంది.

లంక ఊళ్ల పిల్లలకు వరదల ముందే చెప్పు. నీళ్లొస్తే కరెంటుండదు, సిగ్నలుండదు. అచ్చు పుస్తకాలు అటక మీద పెట్టుకోమను, అసైన్‌మెంట్ జూన్‌లోనే మొదలుపెట్టించు.

డబ్బు కడితే పాసు పూచీ మాదంటూ తిరిగేవాళ్లను నమ్మొద్దని గట్టిగా చెప్పు. నర్సింగులో చేరాలనుకున్న అమ్మాయికి ఆ సర్టిఫికెట్ సీటు దాకా తీసుకెళ్లొచ్చు, మందు మోతాదు లెక్క కట్టడం నేర్పదు. అంతకన్నా ఒక సబ్జెక్టు తప్పి, మళ్లీ చదివి రాయడమే మేలు.

ఏప్రిల్ పరీక్షలప్పుడే పెళ్లి ముహూర్తాలూ ఉంటాయి. సంబంధాలు చూస్తున్న ఇంట్లో అమ్మాయితోనే మాట్లాడి ఊరుకోకు, అమ్మమ్మతో మాట్లాడు. ఆ ఇంట్లో మాట చెల్లేది ఆవిడదే.

సఖినేటిపల్లి, మలికిపురం, మామిడికుదురు పిల్లలెవరైనా ఫోన్‌కు అందకపోతే, ఇంటికొస్తే ఫరవాలేదా అని ఎలాగోలా కనుక్కో. సరేనన్నవాళ్ల ఊరు చెప్పు, నేనూ మీ నాన్నా వెళ్లి వాళ్ల పెద్దవాళ్లతో మాట్లాడతాం. ఫీజు గడువు తేదీ కూడా రాయి.

అమ్మ