జంటను వెతుక్కునే ముందు సాయంత్రాలు సర్దుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

పెళ్లి కాకుండా, తన సంపాదనతో తాను బతుకుతున్న పాతికేళ్ల అమ్మాయి గురించి పత్రికల్లో వచ్చేవి ఎక్కువగా రెండు రకాల రాతలు. ఒకటి జాలి, రెండోది హెచ్చరిక. ఆమె సాయంత్రాలు ఎలా గడవాలి, ఎవరైనా నచ్చితే ఆ మనిషి ఎలాంటివాడో ఎలా తెలుసుకోవాలి, నచ్చకపోతే ఆ మాట ఎలా చెప్పాలి అన్న సంగతులు అరుదుగా కనిపిస్తాయి. ఈ వయసు అమ్మాయిలకు కౌన్సెలింగ్ ఇచ్చేవాళ్లం మేము. వాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలకు జవాబులు ఈ ఉత్తరంలో సూటిగా రాస్తున్నాం.

డేటింగ్‌లో తప్పటడుగులు ఎక్కువగా పడేది ఖాళీ రాత్రుల్లోనే అని మా నమ్మకం. పది దాటాక మంచం మీద ఫోను పట్టుకుని పడుకున్నప్పుడు "ఏం చేస్తున్నావ్?" అని ఒక మెసేజ్ వస్తుంది. పగలైతే పట్టించుకోని ఆ మెసేజ్‌కు ఆ వేళ ఎక్కడలేని విలువ ఇచ్చేస్తాం. మనిషి నచ్చి కాదు, ఆ గంట గడవక. అలా మొదలైన మాటలు నెల తిరిగేసరికి బంధం పేరు పెట్టుకుంటాయి. కాబట్టి డేటింగ్ యాప్ వేసుకోవడం కన్నా ముందు చేయాల్సిన పని వారాన్ని సర్దుకోవడం.

వారంలో కనీసం మూడు సాయంత్రాలకు ముందే ఏదో ఒక పని పెట్టుకోండి. ఒకటి ఒళ్లు కదిలేది: ఈత, నడక, డాన్స్ క్లాసు, ఏదైనా సరే. ఒకటి చేతులకు పని చెప్పేది: కుట్టు, బొమ్మలు వేయడం, మొక్కల పెంపకం, ఏదో ఒక వాయిద్యం. మూడోది ఒంటరిగా బయటికి వెళ్లడం. అందరూ వెనకాడేది దీనికే. రెబెకా రాట్నర్, రెబెకా హామిల్టన్ అనే ఇద్దరు పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో ఈ వెనకాడటాన్నే పరిశీలించారు. ఆర్ట్ గ్యాలరీకి ఒక్కరే వెళితే అంత బాగుండదని ముందు అనుకున్నవాళ్లు, తీరా వెళ్లాక తోడుతో వచ్చినవాళ్లు ఆనందించినంతగానే ఆనందించారు. మనల్ని ఆపేది చూసేవాళ్లు ఏమనుకుంటారో అన్న బెంగే తప్ప మరొకటి కాదు.

మొదటిసారి వెళ్లేటప్పుడు కళ్లెదుట ఏదో ఒకటి నడిచే చోటు ఎంచుకోండి. సినిమా, మ్యూజియం, కచేరీ లాంటివి బాగుంటాయి. టికెట్ ముందే కొనేయాలి, లేకపోతే చివరి నిమిషంలో మానేయడానికి ఏదో ఒక సాకు దొరుకుతుంది. శనివారం రాత్రి జంటలు, గుంపులు కిటకిటలాడతాయి, ఆ పూట వద్దు. నడవ పక్క సీటు తీసుకుంటే మధ్యలో లేవాలనిపించినా ఎవరినీ దాటుకుని వెళ్లే పని ఉండదు. అన్నిటికన్నా కష్టమైనవి తెర వెలిగే ముందు పది నిమిషాలు. చేతులు ఏం చేసుకోవాలో తోచదు, పక్క సీట్లవాళ్లు మననే చూస్తున్నట్టు ఉంటుంది. ఆ పది నిమిషాలకు ఒక పుస్తకం దగ్గర పెట్టుకోండి, ఫోను మాత్రం బ్యాగులోనే ఉంచండి. ఫోను తీస్తే ఎవరెవరు ఎక్కడెక్కడ జంటగా ఉన్నారో చూడటం మొదలవుతుంది. అక్కడ తీసిన ఫొటోలు అప్పటికప్పుడే పోస్టు చేయడం కూడా వద్దు. పోస్టు పెట్టిన క్షణం నుంచి మనసు లైకుల మీదే ఉంటుంది, వచ్చిన పని పక్కకు పోతుంది.

స్నేహాల దగ్గరికి వద్దాం. స్నేహం కుదరడానికి ఎంత సమయం పడుతుందో జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడు 2018లో లెక్కగట్టారు. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి దాదాపు 50 గంటలు, మంచి స్నేహం కావడానికి 90 గంటలు, ప్రాణస్నేహం కావడానికి 200 గంటలకు పైనే కలిసి గడపాలి. వారానికి 3 గంటలు కలిసేవాళ్లకు మొదటి మెట్టుకే నాలుగు నెలలు పడుతుంది, చివరి మెట్టుకు ఏడాది దాటుతుంది. కొత్త ఊళ్లో, కొత్త ఉద్యోగంలో చేరిన అమ్మాయికి "రెండు నెలలైనా నాకంటూ ఎవరూ లేరు" అనిపిస్తే అందులో ఆమె లోపమేమీ లేదు, ఇంకా గంటలు నిండలేదంతే. ప్రతివారం కొత్త మీటప్‌కు వెళితే ఈ గంటలు ఎప్పటికీ పోగవవు. అదే మనుషులు, అదే రోజు, అదే చోటు ఉండే క్లాసు ఒకటి పట్టుకోవాలి. ఇక ప్రేమ మొదలవగానే చాలామంది ముందుగా వదిలేసేది ఆ క్లాసునే. బంధం తెగిన రోజున తలుపు తట్టడానికి ఎవరూ మిగలకపోవడానికి కారణం ఇదే.

దీని పక్కనే ఇంకో లెక్క పెట్టి చూడండి. ఆర్థర్ ఆరన్ బృందం 1997లో ప్రచురించిన ప్రయోగంలో ఒకరికొకరు ఏమాత్రం తెలియని ఇద్దరిని కూర్చోబెట్టి, మెల్లమెల్లగా లోతుకు దిగే 36 ప్రశ్నలు ఒకరినొకరు అడగమన్నారు. పట్టిన సమయం 45 నిమిషాలు. అంతలోనే వాళ్ల మధ్య చెప్పుకోదగ్గ దగ్గరితనం పుట్టింది. అంటే దగ్గరితనం ముప్పావుగంటలో పుడుతుంది, మనిషిని తెలుసుకోవడానికి మాత్రం వందల గంటలు కావాలి. "మొదటి రోజే మనసు విప్పి అన్నీ చెప్పుకున్నాం, ఎన్నేళ్లుగానో తెలిసినట్టుంది" అన్నది నిజమైన అనుభూతే, తప్పు పట్టాల్సింది కాదు. కానీ అతను డబ్బు దగ్గర ఎలా ఉంటాడో, కోపం వస్తే ఏం చేస్తాడో, ఇచ్చిన మాట మీద నిలబడతాడో లేదో ఆ అనుభూతి చెప్పదు.

ఇక యాప్‌ల సంగతి. ప్రొఫైల్‌లో మీరు వేరే ఎక్కడా వాడని ఫొటోలే పెట్టండి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఉన్న ఫొటోనే ఇక్కడా పెడితే ఫొటోను బట్టి వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లోనో టిన్‌ఐలోనో వెతికి మీ పూర్తి పేరు, ఆఫీసు పట్టుకోవడం తేలిక. ఫొటోలో ఆఫీసు ఐడీ కార్డు, బండి నంబరు, మీ కిటికీ బయట కనిపించే బోర్డులు లేకుండా చూసుకోండి. ఫొటోను వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపితే అది తీసిన చోటు వివరాలు ఫైలుతోపాటే వెళ్లవచ్చు, మామూలు ఫొటోగా పంపడమే మేలు. "ఇన్ని కిలోమీటర్ల దూరంలో" అని యాప్ చూపించే అంకెను కూడా తేలిగ్గా తీసుకోవద్దు. వేర్వేరు మూడు చోట్ల నుంచి దూరం తెలిస్తే మనిషి ఎక్కడుందో లెక్కగట్టవచ్చు. టిండర్ అనే డేటింగ్ యాప్‌లో ఇలాంటి లోపమే ఉండేదని 2014లో భద్రతా నిపుణులు బయటపెట్టారు, అప్పటికే దాన్ని సరిచేశారు. దూరం చూపించకుండా ఆపే సెట్టింగ్ ఉంటే ఆపేయండి.

మోసగాళ్ల నడక దాదాపు ఒకేలా ఉంటుంది. మాటలు కలిసిన రోజే యాప్ వదిలి వేరే చోటికి రమ్మంటారు, ఎందుకంటే అక్కడ యాప్‌వాళ్ల నిఘా ఉండదు. వీడియో కాల్ అంటే కెమెరా పాడైందంటారు. రెండు మూడు వారాలు పొద్దున్నా రాత్రీ పలకరింపులు ముంచెత్తుతాయి. ఆ తర్వాత వచ్చేది ఆసుపత్రి ఖర్చో, కస్టమ్స్‌లో చిక్కుకున్న పార్సిలో, లాభాలు కురిపించే పెట్టుబడో. పెట్టుబడి మోసంలో మొదట చిన్న మొత్తం పెట్టించి, లాభంతో సహా నిజంగానే వెనక్కి తీసుకోనిస్తారు. నమ్మకం కుదిరేది అక్కడే. కలవకముందు రూపాయి కూడా పంపకూడదు, వాళ్లు చెప్పిన యాప్ వేసుకోకూడదు, ఈ రెండు నియమాలకూ మినహాయింపు వద్దు. కలిసే ముందు పది నిమిషాలు వీడియోలో మాట్లాడండి. మాటల మధ్యలో ముఖం పూర్తిగా పక్కకు తిప్పమనండి, ముఖం ముందు చెయ్యి ఆడించమనండి. కంప్యూటర్‌తో మార్చిన ముఖాలు చాలాసార్లు అక్కడ చెదిరిపోతాయి. చెదరలేదు కదా అని పూర్తి భరోసా మాత్రం పెట్టుకోవద్దు.

మొదటి కలయిక పగటిపూట, జనం ఉన్నచోట, గంట, గంటన్నర చాలు. "నాలుగింటికి కలుద్దాం, ఐదున్నరకు నాకు పనుంది" అని ముందే చెప్పేస్తే లేవడానికి అప్పుడు సాకు వెతుక్కోనక్కర్లేదు. వెళ్లడం, రావడం మీ ఏర్పాటే ఉండాలి, ఇంటి దగ్గర దింపుతానన్నా వద్దనండి. స్నేహితురాలికి వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టండి. అందులో 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడు ఎంపికలు ఉంటాయి, 8 గంటలది ఎంచుకోండి.

చాలామంది ఇంతవరకూ చేసి ఆగిపోతారు. లొకేషన్ వచ్చిన స్నేహితురాలికి ఆ తర్వాత తాను ఏం చేయాలో తెలియదు. ఐదున్నరకు మెసేజ్ రాలేదు, ఆరైంది, ఫోను చేస్తే ఇబ్బంది పెట్టినట్టవుతుందేమో అని ఊరుకుంటుంది. అందుకే ఒప్పందం పూర్తిగా కుదుర్చుకోవాలి: ఐదున్నరకు మెసేజ్ రాకపోతే పదిహేను నిమిషాలు చూసి ఫోను చేయాలి. ఎత్తకపోతే మరో పది నిమిషాలకు మళ్లీ చేయాలి, అప్పుడూ ఎత్తకపోతే ఆ చోటుకు ఫోను చేసి అడగాలి, అక్కడా తెలియకపోతే పోలీసులకు చెప్పాలి. అవతలి మనిషి పేరు, ఫొటో, ఫోను నంబరు ఆమె దగ్గర ఉండాలి. ఫోనులో "బానే ఉన్నా" అనే మాట ఎవరైనా బలవంతంగా అనిపించవచ్చు కాబట్టి, ఇద్దరికే తెలిసిన మాట ఒకటి పెట్టుకోండి.

గ్లాసు వదిలి లేస్తే తిరిగొచ్చాక అది ముట్టుకోవద్దు. తాగినదానికి మించిన మత్తు, ఉన్నట్టుండి కాళ్లు తేలిపోవడం, మధ్యలో కొంతసేపు ఏం జరిగిందో గుర్తు లేకపోవడం కనిపిస్తే వెంటనే నమ్మినవాళ్ల దగ్గరికో ఆసుపత్రికో చేరాలి. గ్లాసులో తెలియకుండా కలిపే జీహెచ్‌బీ లాంటి మత్తుమందు మూత్రంలో దాదాపు 12 గంటలకే కనిపించకుండా పోతుంది. పొద్దున చూద్దాంలే అనుకుంటే ఆధారం చేజారిపోతుంది, మొదటి మూత్రాన్ని శుభ్రమైన సీసాలో పట్టి ఉంచాలి.

నచ్చలేదని చెప్పడం మన అమ్మాయిలకు చాలా కష్టంగా ఉంటుంది. "ఈ నెల బిజీ" అంటే అవతలివాళ్లకు "వచ్చే నెల రా" అని వినిపిస్తుంది. జవాబివ్వకుండా మాయమైపోతే కొందరు ఊరుకోరు. రెండు వాక్యాలు చాలు: "మీతో మాట్లాడటం బాగుంది. కానీ దీన్ని ముందుకు తీసుకెళ్లాలని నాకు అనిపించడం లేదు, ఇక్కడితో ఆపేద్దాం." కారణం చెప్పొద్దు. కారణం చెప్పిన ప్రతిసారీ దానిమీద వాదన మొదలవుతుంది. తిరిగి మర్యాదగా జవాబొస్తే సంతోషం. తిట్లో బతిమాలటాలో వస్తే స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకుని బ్లాక్ చేయండి. ముందు బ్లాక్ చేసి ఆ తర్వాత స్క్రీన్‌షాట్ కోసం వెతికితే కొన్ని యాప్‌లలో ఆ సంభాషణే మాయమవుతుంది.

నచ్చిన మనిషిని కూడా మొదటి నెలలోనే ఒక చిన్న "కాదు"తో చూడాలి. ఇది పరీక్ష పెట్టడం కాదు, నిజంగా కుదరని రోజున కుదరదనడమే. ఆదివారం క్లాసు ఉంది, సోమవారం కలుద్దాం అనండి. "సరే" అన్నవాడు వేరు, "నాకన్నా ఆ క్లాసు ఎక్కువా?" అన్నవాడు వేరు. రెండోవాడు రేపు పాస్‌వర్డ్ అడుగుతాడు, రోజంతా లొకేషన్ ఆన్‌లో ఉంచమంటాడు. అలిగి మాట్లాడకపోవడం, ఆ వెంటనే బోలెడు కానుకలు, మళ్లీ అలక... ఈ వరుస కనిపిస్తే అప్పుడే ఆగిపోవాలి. ఇంకా ప్రేమించి మార్చుకుందాం అనుకుని ఉండిపోయినవాళ్లు బయటపడటం మరింత కష్టమవుతోంది.

ఆరోగ్యం మాట దాచకుండా చెప్పుకోవాలి. కండోమ్‌ను పర్సులో నెలల తరబడి ఉంచితే వేడికీ రాపిడికీ పాడవుతుంది. లాటెక్స్ కండోమ్‌తో నూనె, వాసెలిన్ లాంటివి వాడితే అది చిరిగిపోతుంది, నీటి ఆధారిత జెల్ వాడాలి. అది చిరిగినా, జారినా భయంతో రోజులు గడపొద్దు. గర్భం రాకుండా ఆపే లీవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్రను 72 గంటల్లోపు వేసుకోవాలి, ఎంత ముందు వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది. యూలిప్రిస్టల్ 30 మిల్లీగ్రాముల మాత్రకు 120 గంటల దాకా గడువుంది. అయిదు రోజుల్లోపు డాక్టరు గర్భసంచిలో అమర్చే కాపర్ ఐయూడీ ఈ రెండింటికన్నా గట్టిది. మాత్ర వేసుకున్న 3 గంటల్లోపు వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. 3 వారాల్లో నెలసరి రాకపోతే గర్భ పరీక్ష చేయించుకోవాలి. హెచ్‌ఐవీ సోకిందేమోనన్న అనుమానం ఉంటే వైరస్ ఒంట్లో స్థిరపడకుండా ఆపే పెప్ మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి, ఇందులో ప్రతి గంటా విలువైనదే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి కాపాడే హెచ్‌పీవీ టీకా చిన్నప్పుడు వేయించుకోనివాళ్లు 26 ఏళ్ల దాకా వేయించుకోవచ్చు.

చివరిగా ఫొటోల బెదిరింపు. ఆంతరంగిక ఫొటో బయటపెడతామని ఎవరైనా బెదిరిస్తే డబ్బు ఇవ్వకండి, ఇస్తే అడగడం ఆగదు. 2021 డిసెంబరు నుంచి స్టాప్‌ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ నడుస్తోంది. 18 ఏళ్లు నిండినవాళ్లు దాని వెబ్‌సైటులో తమ ఫొటోను ఎంచుకుంటే ఆ ఫొటో ఎక్కడికీ వెళ్లదు. దాన్నుంచి లెక్కగట్టిన హ్యాష్ అనే అంకెల గుర్తు మాత్రమే ఫోనులోనే తయారై వెళుతుంది. ఈ సేవలో చేరిన సామాజిక మాధ్యమాల సంస్థలు ఆ గుర్తుతో సరిపోలిన ఫొటోలను పట్టుకుని తొలగిస్తాయి. ఫొటో మీ దగ్గర లేకపోతే ఆ గుర్తు తయారుకాదు కాబట్టి, అసహ్యమేసి దాన్ని చెరిపేయకండి. బెదిరింపు మెసేజ్‌లు కూడా అలాగే ఉంచండి, ఫిర్యాదుకు అవే ఆధారం.

మీ మహిళల పేజీలో చర్మ సౌందర్యానికి, పెళ్లి చీరలకు ప్రతివారం చోటు ఉంటోంది. వాటిని తీసేయమని మేము అడగడం లేదు. మాత్రల గంటల లెక్క, హ్యాష్ పద్ధతి, స్నేహితురాలితో కుదుర్చుకోవాల్సిన ఒప్పందం, ఈ మూడింటినీ నెలకోసారి బాక్స్ ఐటెమ్‌గా వేయండి, పక్కనే ఒక డాక్టరు, ఒక లాయరు పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చే శీర్షిక పెట్టండి. ప్రశ్న పంపిన అమ్మాయి పేరు, ఊరు అచ్చు వేయబోమని ఆ శీర్షిక మొదట్లోనే రాయండి, ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి.

ఇట్లు,
యువతుల కౌన్సెలర్లు
(పేర్లు ప్రచురించవద్దని మనవి)