బల్ల పూర్తయిందిరా బావా!

విశాఖపట్నం,
ఎంవీపీ కాలనీ.

ఒరే బావా,

బల్ల పూర్తయింది. నిన్న రాత్రి ఆఖరిసారి తేనెమైనం రుద్ది, నాన్న కుర్చీ పక్కన కిటికీ దగ్గర పెట్టాను. పొద్దున ఆయన పేపరు, కళ్ళజోడు దాని మీద పెట్టుకుని, అంచును బొటనవేలితో నిమురుతూ చాలాసేపు కూర్చున్నారు. అది చూశాక నీకు రాయకుండా ఉండలేకపోయాను.

బల్ల చిన్నదే. పలక అడుగున్నర చదరం, ఎత్తు 22 అంగుళాలు. మిషన్ స్టైల్ అని ఫోన్లో చెప్పాను కదా! తిన్నటి కాళ్ళు, నగిషీలుండవు, అతుకులు దాచరు. న్యూయార్క్ రాష్ట్రంలో గుస్తావ్ స్టిక్లీ అనే ఆయన దీనికి పేరు తెచ్చాడు. 1901 నుంచి 1916 దాకా 'ది క్రాఫ్ట్స్‌మన్' అనే పత్రిక నడిపి, ఎవరింట్లో వాళ్ళు చేసుకునేలా కొలతలతో సహా నమూనాలు ఇచ్చేవాడు. ఆ మనిషంటే నాకు గౌరవం.

ఎవరో హోటల్ పనికి తెప్పించుకోగా మిగిలిన అమెరికా తెల్ల ఓక్ పలకలు కలప డిపోలో దొరికాయి. దుంగను నాలుగు చీలికలు చేసి, నడిబొడ్డు నుంచి బెరడు వైపుకు కోసిన పలకలివి. చిత్రిక పట్టి ఎండలో కొంచెం వాల్చి చూస్తే, గీతలకు అడ్డంగా వెండి పొలుసుల్లాంటి మచ్చలు మెరుస్తాయి. ఇటు తిప్పితే మాయం. పట్టుచీర మడతలో జరీ మెరిసినట్టుంటుంది. మన సముద్రపు గాలికి అలవాటు పడాలని రెండు నెలలు ఇంట్లోనే పేర్చి ఉంచాను.

అతుకుల దగ్గరే ఎక్కువ రోజులు పట్టింది. అడ్డకర్ర చివర నాలుకలా చెక్కి, కాలికి పెట్టిన బెజ్జంలోంచి అవతలికి పొడుచుకొచ్చేలా దిగగొట్టాలి. బెజ్జం ఒకవైపు నుంచే తొలిస్తే అవతలి ముఖం పెచ్చులూడుతుంది. మా వీధి చివరి వడ్రంగి తాతగారు పక్కన కూర్చుని, "సగం ఇటు, సగం అటు తొలువు నాయనా, ఉలిని తొందరపెట్టకు" అన్నారు. నాలుగో బెజ్జం నుంచి చెయ్యి కుదిరింది.

ఇక రంగు సంగతి. నేనేమీ పూయలేదురా. ఓక్‌లో వగరు పదార్థం ఉంటుంది, టానిన్. అమ్మోనియా ఆవిరి తగిలితే అది ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. స్టిక్లీ వాళ్ళ పద్ధతీ ఇదే. డాబా మీద ప్లాస్టిక్ పైపులతో గూడు కట్టి, పాలిథీన్ కప్పి, గాజు గిన్నెల్లో అమ్మోనియా పోసి బల్లను లోపల పెట్టాను. కళ్ళద్దాలు, గ్యాస్ మాస్క్ లేకుండా ఆ సీసా మూత తియ్యకూడదు, ఊపిరితిత్తులు కాలిపోతాయి.

మర్నాడు తీసి చూస్తే గుండె జారిపోయింది. బల్లంతా బూడిద కలిసిన గోధుమ రంగుకు వచ్చింది కానీ, ఒక కాలు మీద వేలెడంత వెడల్పున పాలిపోయిన చార! బెరడు పక్కనుండే, చేవ పట్టని తెల్ల కర్ర అది. అందులో టానిన్ చాలా తక్కువ. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్రపట్టలేదు. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. మీ పెడనలో కలంకారీ గుడ్డను ముందు కరక్కాయ నీళ్ళలో ముంచుతారని, ఆ తర్వాత ఇనుము ఊరబెట్టిన కసిం అద్దితే నల్లగా తేలుతుందని నువ్వే కదా చూపించావు! కరక్కాయలో ఉన్నదీ ఆ వగరే. పూర్ణా మార్కెట్‌లో కొన్ని కాయలు తెచ్చి, దంచి, మరిగించి, వడగట్టి ఆ చార మీద మూడుసార్లు కుంచెతో రాశాను. ఆరాక మళ్ళీ గూట్లో పెట్టాను. సాయంత్రానికి చార కలిసిపోయింది. ఇప్పుడు వెతికినా కనపడదు. ఈ బల్లలో నీ చెయ్యి కూడా ఉందిరా.

కసిం మాటే ఇంకోటి కూడా నేర్పింది. ఓక్‌కు తడి ఇనుము తగిలితే నల్లమచ్చ పడుతుంది. అందుకే అన్నీ ఇత్తడి స్క్రూలే వాడాను. పలక వానాకాలంలో ఉబ్బి ఎండాకాలంలో తగ్గుతుంది కాబట్టి, స్క్రూ బెజ్జాలు కాస్త పొడుగ్గా పెట్టాను.

పైన లక్క పాలిష్ వేశాను. మన ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసే లక్కే, రేకులు కొని స్పిరిట్‌లో కరిగించాను. మొదటి కోటు ముసురు రోజున వేస్తే తెల్లగా పొగమంచు పట్టినట్టయింది. స్పిరిట్ ఆరేటప్పుడు పలక చల్లబడి గాలిలో తేమ పట్టేస్తుంది. బాగా ఎండ కాసిన రోజు చూసి స్పిరిట్ గుడ్డతో తుడిస్తే పోయింది. ఆ తర్వాత నాలుగు పల్చటి కోట్లు. ఆ బూడిద రంగు కాస్తా తేనె రంగులోకి దిగింది, పొలుసులు లోపల్నుంచి వెలిగాయి. వేడి గ్లాసు పెడితే మాత్రం లక్క మీద తెల్ల మచ్చ పడుతుంది. అందుకని నాన్న కాఫీ కోసం అమ్మ ఒక ఇత్తడి పళ్ళెం తీసి ఇచ్చింది.

ఒక పలక మిగిలింది. మూడున్నర అడుగుల పొడుగు, ఎనిమిది అంగుళాల వెడల్పు. మీ ఇంట్లో అచ్చు దిమ్మెలు పెట్టుకోవడానికి గోడ బల్ల కావాలన్నావు కదా, గోడ కొలత రాసి పంపు. కరక్కాయలు మాత్రం ఈసారి నువ్వే తేవాలి.

నీ
బావ