రెల్లుకప్పలన్నీ ఒకటే అనుకుంటే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్లిన తెలుగువారి గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. 1860 నవంబరులో ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరినప్పటి నుంచి మనవాళ్లు పడ్డ కష్టం బాగా రాశారు. ఆ చెరకు కోసం తీరం వెంట ఎన్నో చిత్తడి నేలలకు కాలువలు తవ్వి నీళ్లు బయటికి పంపేశారు. దాంతో ఇల్లు పోగొట్టుకున్న ఒక చిన్న కప్ప గురించి రాయాలనిపించింది. ఆ కూలీల మునిమనవలు ఈరోజుకీ డర్బన్ చుట్టుపక్కలే ఉన్నారు, ఆ కప్పా అక్కడే ఉంది.

దాని పేరు పికర్స్‌గిల్ రెల్లుకప్ప, అంటే రెల్లు పొదల్లో బతికే కప్పల్లో ఒక జాతి. మూడు సెంటీమీటర్లకు మించి పెరగదు. ఆడది మంచి ఆకుపచ్చ రంగు. మగది గోధుమ రంగులో ఉండి, ముక్కు దగ్గర నుంచి ఒంటి పక్కగా ముదురు అంచుతో ఒక లేత చార ఉంటుంది. డర్బన్ దగ్గరి అవోకాలో దొరికిన కప్పల ఆధారంగా 1982లో రా అనే శాస్త్రవేత్త దీన్ని వేరే జాతిగా వర్ణించి, మార్టిన్ పికర్స్‌గిల్ అనే కప్పల పరిశోధకుడి పేరు పెట్టారు. ప్రపంచం మొత్తంలో ఇది ఉండేది క్వాజులు-నేటాల్ తీరంలోనే. ఉత్తరాన సెయింట్ లూసియా నుంచి దక్షిణాన కింగ్స్‌బర్గ్ దాకా గీత గీస్తే 200 కిలోమీటర్లు దాటుతుంది కానీ, ఆ గీత పొడవునా కప్ప ఉందనుకుంటే పొరపాటే. ఇక్కడో మడుగు, అక్కడో మడుగు. మధ్యలో చెరకు, యూకలిప్టస్ తోటలు, రోడ్లు, గోదాములు. ఒక మడుగు పోతే పక్క మడుగు నుంచి కప్పలు నడిచొచ్చి నింపలేవు.

నా బాధంతా ఒక మాట గురించి. ఎక్కడైనా మడుగు పూడ్చే ప్రతిపాదన వస్తే "రెల్లుకప్పలే కదా, ప్రతి కుంటలోనూ ఉంటాయి" అంటారు. ఉంటాయి, నిజమే. కానీ అవి ఎక్కువగా రంగురంగుల పెయింటెడ్ రెల్లుకప్పలు. పొలాల్లోని చెరువుల్లో కూడా హాయిగా బతుకుతాయి, తమది కాని వెస్టర్న్ కేప్ రాష్ట్రానికి సైతం పాకిపోయాయి. వాటిలో ఎన్ని జాతులున్నాయో శాస్త్రవేత్తలే ఇంకా వాదించుకుంటున్నారు. పికర్స్‌గిల్ కప్పది ఆ ఓర్పు కాదు. దానికి దట్టంగా పెరిగిన రెల్లు, దాని కింద నిలిచి ఉండే నీళ్లు కావాలి. గుడ్లు నీళ్లలో కాదు, నీటికి కాస్త పైన ఆకులకు జిగురు ముద్దలా అంటిస్తుంది. పిల్లలు బయటికొచ్చి కింద నీళ్లలో పడాలి. ఆ సమయానికి నీళ్లు ఇంకిపోతే ఆ ఏడాది సంతానం లేనట్టే.

పైగా దీని అరుపు కీటకం చప్పుడంత సన్నగా ఉంటుంది. పెయింటెడ్ కప్పలు గట్టిగా ఈల వేస్తుంటే ఇది వినిపించదు. మడుగు సర్వేకు వచ్చినవాళ్లు చలికాలంలో పగటిపూట చూసి "ఈ కప్ప లేదు" అని రాసుకుపోతే ఆ కాగితానికి విలువేముంది?

2010లో దీన్ని తీవ్రంగా అంతరించే ప్రమాదం ఉన్న జాతిగా గుర్తించారు. 2016లో ఆ ప్రమాద స్థాయిని ఒక మెట్టు తగ్గించారు. జాగ్రత్తగా వెతికితే మరికొన్ని మడుగుల్లో దొరకడమే అందుకు కారణం. చిత్తడి నేలలు బాగుపడ్డాయని కాదు. ఆ తర్వాత జొహానెస్‌బర్గ్ జూలో పెంచిన కప్పలను 2018లో డర్బన్‌కు ఉత్తరాన ఉన్న మౌంట్ మోర్లండ్ దగ్గర వదిలారు. చాలా మంచి పని. కానీ వదలడానికి మడుగు మిగలాలి కదా.

దక్షిణాఫ్రికా చట్టం ప్రకారం పర్యావరణ అనుమతికి ముందు ప్రజల అభిప్రాయం చెప్పడానికి కనీసం 30 రోజులు ఇస్తారు. డర్బన్ తెలుగు సంఘాల వారిని నేను కోరేది ఇదే. మీ పక్కన చిత్తడి నేల మీద ఏదైనా ప్రతిపాదన వస్తే ఆ గడువులోనే రాయండి. సర్వే వానాకాలంలో, రాత్రిపూట, ఈ కప్ప గొంతు తెలిసినవాళ్లతోనే చేయించాలని అడగండి. నివేదికలో "రెల్లుకప్ప" అని మాత్రమే రాసి ఉంటే ఏ జాతో తేల్చమని పట్టుబట్టండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
డర్బన్