రెండు ఎంవీపీలతో తేలిపోయే లెక్క కాదిది

సంపాదకుడి గారికి,

2001-2010 మధ్య అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో మేటి పాయింట్ గార్డ్ (బంతి తెచ్చి దాడి నడిపే ఆటగాడు) ఎవరని మీ క్రీడల పేజీలో నడిచిన చర్చలో ఎక్కువమంది స్టీవ్ నాష్ వైపే మొగ్గారు. అందరూ చూపించిన కారణం ఒక్కటే: 2005, 2006ల్లో వరుసగా వచ్చిన రెండు ఎంవీపీలు (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డులు). జేసన్ కిడ్‌కు ఒక్కటీ రాలేదు. 2002లో టిమ్ డంకన్ తర్వాత రెండో స్థానంలో ఆగిపోయాడు. అయినా నా ఓటు కిడ్‌కే.

అసిస్టులతో ఈ తగవు తీరదు. 1999-2004 మధ్య ఐదు సీజన్లలో కిడ్, 2005-2011 మధ్య ఐదు సీజన్లలో నాష్ లీగ్‌లో మొదటి స్థానంలో ఉన్నారు. పైగా పాస్ అందుకున్నవాడు బుట్టలో వేస్తేనే అది అసిస్టు. షాట్ తప్పితే ఎంత మంచి పాసైనా లెక్కలోకి రాదు. 2004-05లో ఫీనిక్స్ సన్స్‌లో నాష్‌కు అటు జో జాన్సన్, ఇటు క్వెంటిన్ రిచర్డ్‌సన్, ఇద్దరూ త్రీ పాయింటర్లు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) అలవోకగా వేసేవాళ్లు. న్యూజెర్సీ నెట్స్‌లో కిడ్‌కు అలాంటి జత ఎప్పుడూ దొరకలేదు.

ఇక 2004 సంగతి. ఆ ఏడు నుంచి హ్యాండ్ చెకింగ్‌పై రిఫరీలు కఠినంగా ఫౌళ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. అంతకుముందు బంతి ఉన్నవాడి నడుం మీద డిఫెండర్ చెయ్యి ఆనించి, అరడుగు పక్కకు తోసేవాడు. పిక్ అండ్ రోల్‌లో (తోటి ఆటగాడు డిఫెండర్‌కు అడ్డంగా నిలబడి, ఆపై బుట్టవైపు దూసుకెళ్లే ఎత్తులో) ఆ అరడుగే ప్రాణం. సన్స్ ఆటగాడు స్టౌడమైర్ అలా స్క్రీన్ (అడ్డం) పెట్టగానే డిఫెండర్ దాని కిందనుంచి (బుట్ట వైపు నుంచి) వెళ్తే నాష్ అక్కడికక్కడే షాట్ కొడతాడు. పైనుంచి (నాష్ వెనకే) వెంబడిస్తే అతణ్ని వీపు మీద మోస్తున్నట్టే ఉంచుకుని, నడక తగ్గించి, ఎదుటి సెంటర్ (బుట్ట కాసే పొడుగాటి ఆటగాడు) ఎటు కదులుతాడో చూస్తాడు. దారి దొరక్కపోతే డ్రిబుల్ ఆపకుండా బుట్ట కిందనుంచి బేస్‌లైన్ (బుట్ట వెనక గీత) వెంబడి చుట్టి బయటికొచ్చి మళ్లీ మొదలుపెడతాడు.

అలాగని నాష్‌ను ఆ నిబంధనే తయారు చేసిందనడం తప్పు. అంతకుముందు డాలస్‌లో ఉన్నప్పుడే అతని జట్టు దాడి లీగ్‌లో మేటి. 2005-06లో గాయంతో స్టౌడమైర్ మూడు మ్యాచ్‌లే ఆడినా సన్స్ 54 గెలిచారు. కిడ్ పక్షాన మాట్లాడేవాళ్లు ఈ ముక్క దాటేస్తుంటారు.

చిక్కంతా బంతి అవతలివాళ్ల చేతికి వెళ్లాక వస్తుంది. శాన్ ఆంటోనియో స్పర్స్‌తో ఆడేటప్పుడు వాళ్ల పాయింట్ గార్డ్ టోనీ పార్కర్‌ను కాయడం నాష్ వల్ల అయ్యేది కాదు. ఆ పని షాన్ మారియన్‌కో రాజా బెల్‌కో అప్పజెప్పి, నాష్‌ను మూలన నిలబడే బ్రూస్ బోవెన్ దగ్గర దాచేవారు. ఒకణ్ని దాస్తే మిగతా నలుగురి జోడీలూ మారతాయి. అది ఒక్క మ్యాచ్‌లో కనబడకపోయినా ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో బయటపడుతుంది. నాష్ ఒక్కసారి కూడా ఫైనల్ చేరలేదు.

కిడ్ లోపం షూటింగ్. కెరీర్ మొత్తమ్మీద షాట్లలో పడ్డవి 40 శాతం. నాష్‌ది 49. డిఫెండర్లు వెనక్కి తగ్గి, పెయింట్‌లో (బుట్ట ముందరి జాగాలో) గుంపు కట్టేవాళ్లు. 2002 ఫైనల్‌లో లేకర్స్ చేతిలో 4-0తో, 2003 ఫైనల్‌లో స్పర్స్ చేతిలో 4-2తో ఓడినప్పుడు సెట్ దాడిలో (ఎదుటి జట్టు కుదురుకున్నాక చేసే దాడిలో) నెట్స్ ఉక్కిరిబిక్కిరయ్యారు. కానీ అసలు అక్కడిదాకా వాళ్లెలా వచ్చారు? కిడ్ రాకముందు ఏడాది 26 విజయాలు, వచ్చిన ఏడాది 52. రీబౌండ్ (షాట్ తప్పి వచ్చిన బంతి) తనే పట్టి, గార్డ్‌కు అందించాల్సిన మొదటి పాస్ అవసరమే లేకుండా, తల ఎత్తుకునే పరిగెత్తేవాడు. డిఫెన్స్ వెనక్కి తిరిగేసరికి తోటి ఆటగాడు కెన్యన్ మార్టిన్ గాలిలో ఉండేవాడు. తూర్పు విభాగం బలహీనమన్నది నిజమే. అయినా 2003 ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ సిరీస్‌లలో) వరుసగా 10 మ్యాచ్‌లు గెలవడం, అందులో డెట్రాయిట్‌ను 4-0తో ఊడ్చేయడం తేలిక కాదు. మరుసటి ఏడు టైటిల్ కొట్టింది ఆ డెట్రాయిటే.

షూటింగ్ లోపాన్నీ కిడ్ తర్వాత దిద్దుకున్నాడు. రిటైరయ్యేనాటికి 1,988 త్రీలు, అప్పటికి చరిత్రలో మూడో స్థానం. దశాబ్దం గీత దాటాక జరిగింది కాబట్టి 2011 డాలస్ టైటిల్‌ను లెక్కలోకి తీసుకోను. 2005లో వచ్చిన మరో పాయింట్ గార్డ్ క్రిస్ పాల్‌ను వదిలేసిందీ అందుకే, అతని బరువంతా తర్వాతి పదేళ్ల మీద ఉంది.

మళ్లీ ఇలాంటి పట్టిక వేస్తే ఒక సవరణ చేయండి. మ్యాచ్‌కు ఇన్ని అసిస్టులని కాకుండా వంద పొసెషన్లకు (జట్టు చేతికి బంతి వచ్చే సార్లకు) ఎన్నో వేయండి, పక్కనే టర్నోవర్లూ (పోగొట్టుకున్న బంతులూ) ఇవ్వండి. పరుగులు పెట్టే సన్స్ మ్యాచ్‌లో బంతి చేతులు మారే సార్లు ఎక్కువ, నెమ్మదిగా ఆడే జట్టులో తక్కువ. ఎదుటి జట్టు పాయింట్ గార్డ్‌ను ఎవరు కాశారో ఒక గడిలో రాస్తే ఇంకా మంచిది.

— ఒక పాఠకుడు, విజయవాడ